గింగమ్ గళ్ళు, లుంగీ గళ్ళు

ఫిబ్రవరి సగం దాటేసరికి చెన్నైలో బట్టల షాపుల అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మలకు గళ్ళ గౌన్లు వచ్చేస్తాయి. తెలుపూ నీలం, తెలుపూ గులాబీ, తెలుపూ లేతాకుపచ్చ. ఆ గళ్ళ నూలు బట్టే గింగమ్. పక్కన స్ప్రింగ్ కలెక్షన్ అని ఒక అట్ట. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో అయితే ఆ మాటకు అర్థముంది, ఉన్ని కోట్లు అటకెక్కే కాలం అది. తెలుగువాళ్ళ వసంతం ఉగాదితో మొదలవుతుంది. ఈ ఊళ్ళో ఉగాది పచ్చడి తిని లేచేసరికే ఫ్యాను రెగ్యులేటరు ఐదు మీద ఉంటుంది. కర్తరి వచ్చేలోపు దొరికే ఆ నాలుగైదు వారాలనే ఇక్కడ వసంతం అనుకోవాలి.

కాలం లెక్క ఎలా ఉన్నా బట్ట మాత్రం ఈ ఊరికి అతికేదే. పలచటి నూలు, చెమట పీల్చుకుంటుంది, ఎండలో కళ్ళకు చల్లగా ఉంటుంది. అసలు తమాషా వేరే ఉంది. టీ నగర్‌లో ఆ అద్దాల షాపు దాటి నాలుగడుగులు వేస్తే పేవ్‌మెంటు మీద లుంగీల దొంతర కనిపిస్తుంది. అదీ నూలే, అవీ గళ్ళే, అదీ దారానికి ముందే రంగేసి నేసిన బట్టే. ఒకటి వేసుకుంటే ఫ్యాషన్. రెండోది కట్టుకుని వీధి చివర ఏటీఎం దాకా వెళ్తే, "ప్యాంటు వేసుకుని వెళ్ళొచ్చుగా" అని ఇంట్లోనే మాట పడుతుంది. ఈ తేడా ఎక్కడుందో తేలాలంటే ముందు బట్టను విప్పి చూడాలి.

మగ్గం మీద లేని మూడో రంగు

గింగమ్‌లో ఉన్నవి రెండే రంగుల దారాలు. ఒకటి తెలుపు, రెండోది ఇంకేదైనా. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఇన్ని తెల్ల పోగులు, పక్కనే అన్నే నీలం పోగులు. పేకలోనూ, అంటే అడ్డం పోగుల్లోనూ, అదే లెక్క. అంగుళానికి 80 పోగులున్న బట్టలో పావు అంగుళం గడి కావాలంటే 20 తెలుపు, 20 నీలం, మళ్ళీ 20 తెలుపు, ఇలా అంచు దాకా. నేత కూడా అన్నిటికంటే సాదాది, ఒక పోగు పైన, ఒక పోగు కింద. అయినా మనకు మూడు రంగులు కనిపిస్తాయి: ముదురు నీలం, తెలుపు, ఆ రెంటి మధ్య లేత నీలం. ఆ లేత నీలం దారం మగ్గం మీద ఎక్కడా లేదు.

ఫోన్ కెమెరాను బట్టకు దాదాపు ఆనించి ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. నీలం పడుగు నీలం పేకను దాటిన చోట అంతా నీలమే. తెలుపు తెలుపును దాటిన చోట అంతా తెలుపే. నీలం తెలుపును దాటిన చోట మాత్రం ఒక చుక్క నీలం, ఒక చుక్క తెలుపు, మళ్ళీ నీలం, నువ్వులు చల్లినట్టు ఉంటుంది. చేతి దూరానికి వచ్చేసరికి ఆ చుక్కలు విడివిడిగా కనపడవు. కన్ను వాటిని కలిపేసి లేత నీలం అని చెప్తుంది.

ఇంకో లెక్క కూడా ఉంది, ఇది కొనేవాళ్ళకు పనికొచ్చేది. బట్టలో నాలుగో వంతు ముదురు రంగు, నాలుగో వంతు తెలుపు, మిగిలిన సగం ఈ మధ్య రంగు. అంటే మీరు ఎరుపు అనుకుని కొన్న గింగమ్‌లో నిజంగా ఎర్రగా ఉన్నది పావు వంతే. గది అవతలి కొస నుంచి చూస్తే అది గులాబీ రంగు బట్ట. గడి ఎంత చిన్నదైతే ఈ కలిసిపోవడం అంత త్వరగా జరుగుతుంది. కౌంటర్ మీద పరిచినప్పుడు నచ్చిన రంగు కర్టెన్‌గా వేలాడదీశాక వేరేగా ఉందని చాలామంది అనుకుంటారు, షాపువాడు బట్ట మార్చాడేమోనని అనుమానం కూడా వస్తుంది. మార్చలేదు. సేల్స్‌మన్ చేతికి ఒక కొస ఇచ్చి పట్టుకోమని, పది పన్నెండు అడుగులు వెనక్కి నడిచి చూస్తే ఇంట్లో వచ్చే రంగు అక్కడే తెలిసిపోతుంది.

గళ్ళున్న ప్రతిదీ గింగమ్ కాదు. మద్రాస్ చెక్స్‌లో రంగులు నాలుగైదు ఉంటాయి, గీతల వెడల్పులు ఒకలా ఉండవు, పక్కపక్కనున్న గళ్ళు కవలల్లా కనిపించవు. స్కాట్లండ్ టార్టన్ నేతే వేరు, దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలుంటాయి. నారాయణపేట చీర గళ్ళు, చెట్టినాడు కండాంగి గళ్ళు ఇంకో కుటుంబం, అక్కడ అంచుతో పొత్తు ముఖ్యం. గింగమ్‌కు అంచు లేదు, తలకిందులు లేదు, లోపలి వైపు బయటి వైపు అనేది కూడా లేదు. ఎటు తిప్పినా ఒకటే.

ఇంత సులువైన బట్టను నేయడం అంత సులువు కాదు. చేనేత మగ్గం మీద గళ్ళు రావాలంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడెలు రెండు కావాలి. తెలుపు ఇన్ని సార్లు, నీలం అన్ని సార్లు అని నేసేవాళ్ళు మనసులో లెక్కపెడుతూనే ఉండాలి. పేకను దగ్గరకు కొట్టే దెబ్బ కాస్త గట్టిగా పడితే గడి పొట్టిదవుతుంది, మెత్తగా పడితే పొడుగు సాగుతుంది. పొద్దున నేసిన గడికీ మధ్యాహ్నం అన్నం తిన్నాక నేసిన గడికీ తేడా వస్తుందన్నమాట. నాడెల పెట్టె ఒక్క వైపే ఉన్న మరమగ్గానికి ఇంకో నియమం ఉంది. రంగు మారాలంటే నాడె బయల్దేరిన వైపుకే తిరిగి రావాలి, కాబట్టి ఒక్కో రంగు పేక పోగులు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి. చేనేత అని చెప్పి అమ్మే బట్టలో అన్ని గళ్ళూ స్కేలు పెట్టి కొలిచినట్టు ఉంటే కాస్త అనుమానించడంలో తప్పులేదు.

ఒక్క పోగు లాగితే

పారిస్ కార్నర్ దగ్గర గోడౌన్ వీధిలో హోల్‌సేల్ షాపులు వరసగా ఉంటాయి. అక్కడ తానుల కొద్దీ గళ్ళ బట్ట దొరుకుతుంది, అందులో కొంత నేసింది, కొంత అచ్చువేసింది. రెండూ గింగమ్ పేరుతోనే ఉంటాయి, ధర మాత్రం ఒకటి కాదు. తేడా కనిపెట్టడానికి నిపుణులు అక్కర్లేదు. కత్తిరించిన అంచు దగ్గర ఒక్క పోగును గోటితో లాగి చూడాలి. నేసిన గింగమ్‌లో ఆ పోగు మొదటి నుంచి చివరి దాకా ఒకే రంగు, అయితే తెలుపు, లేకపోతే నీలం. అచ్చు గింగమ్‌లో ఒకే పోగు మీద నీలం, తెలుపు, నీలం, తెలుపు అని కట్లపాములా మారుతూ ఉంటుంది. వెనక వైపు తిప్పినా తెలుస్తుంది, అచ్చువేసిన బట్ట అక్కడ వెలిసినట్టు ఉంటుంది.

అచ్చు బట్టతో వచ్చే చిక్కు రంగు ఒక్కటే కాదు. గీత దారం వెంట పోవాలన్న నియమం దానికి లేదు. మిషన్ మీద బట్ట కొంచెం వంకరగా వెళ్తే గళ్ళు కూడా వంకరగా పడతాయి. టైలర్ గీతను పట్టి కత్తిరిస్తే దారం వంకర, దారాన్ని పట్టి కత్తిరిస్తే గీత వంకర. నాలుగు ఉతుకులయ్యాక చొక్కా పక్క కుట్టు బొడ్డు వైపు నడిచి వచ్చేస్తుంది. పూల డిజైన్‌లో అయితే ఈ వంకర ఎవరికీ కనపడదు. గళ్ళలో దాచుకోవడానికి చోటే లేదు.

ఓడలెక్కిన గళ్ళు

గింగమ్ అనే మాటకు మూలం మలయ్ భాషలోని గెంగాంగ్ అని నిఘంటువులు చెప్తాయి, అంటే చారలది అని. 17వ శతాబ్దంలో యూరప్ చేరినప్పుడు అది చారల బట్టే. 18వ శతాబ్దం మధ్య నుంచి మాంచెస్టర్‌లో నేయడం మొదలయ్యాక గళ్ళుగా స్థిరపడింది. ఆ మలయ్ మాటను యూరప్‌కు మోసుకెళ్ళిన వాళ్ళలో డచ్చివాళ్ళు ముఖ్యులు. మసాలా దినుసుల కోసం తూర్పు దీవులకు వెళ్ళే వాళ్ళ ఓడలకు మారకం సరుకు కావాలి, ఆ సరుకు కోరమండల్ తీరపు నూలు బట్ట. అందుకోసం వాళ్ళు 1613లో కోట కట్టుకున్న చోటు చెన్నైకి ఉత్తరాన పొన్నేరి మీదుగా వెళ్తే వచ్చే పులికాట్. మన వైపు ప్రళయకావేరి అని పిలిచే సరస్సు ఒడ్డునే ఉంది.

పళవేర్కాడు అన్న ఆ ఊరి పేరు విదేశీ వర్తకుల నోళ్ళలో నలిగి పాలియకట్ అయింది. ఇవాళ్టికీ లుంగీ లేబుళ్ళ మీద పాలయకాట్ అని కనిపిస్తుంది. అదేదో కంపెనీ పేరనుకునేవాళ్ళే ఎక్కువ. ఒక ఊరి పేరు నాలుగు వందల ఏళ్ళుగా నడుముకు చుట్టుకుని తిరుగుతున్నామన్న సంగతి కట్టుకున్నవాళ్ళకు తెలియదు.

మద్రాసు కథ కూడా బట్ట కథే. 1639లో స్థానిక పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఇంగ్లిష్ కంపెనీ ఈ ఇసుక నేలను తీసుకున్నది ఇక్కడ మంచి రేవు ఉందని కాదు, రేవు లేనే లేదు. చుట్టుపక్కల నూలు బట్ట చవకగా దొరుకుతుందని. తర్వాత వందేళ్ళలోపే నేతగాళ్ళను తెచ్చి పేటలు కట్టించారు. కంపెనీ ప్రధాన వర్తకుడిగా చేసిన తెలుగు వ్యాపారి సుంకు రామ చెట్టి తోట ఉన్న చోట 1730లలో వెలసిన మగ్గాల పేటే చింతాద్రిపేట. తమిళంలో తరి అంటే మగ్గం, చిన్న తరి పేట. నేసిన బట్టను ఉతికి ఎండలో తెల్లబరిచేవాళ్ళు ఉన్న చోటు వాషర్‌మన్‌పేట. రైలు స్టేషన్ల బోర్డుల మీద చదివే పేర్లలో కొన్ని ఇలా పాత కంపెనీ ఖాతా పుస్తకంలోంచి వచ్చినవే.

ఆ ఖాతాలో గళ్ళ సరుకుకు పెట్టిన పేరు మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. ముక్కు తుడుచుకునేది కాదు, గజం పొడవు గజం వెడల్పు ఉన్న చదరపు రుమాలు. అది పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్ళింది, బానిసల వ్యాపారంలో మారకం సరుకుగా కూడా వాడారు, ఆ చరిత్రను కప్పిపెట్టి గళ్ళ అందం గురించి మాత్రమే మాట్లాడటం కుదరదు. నైజీరియాలోని కలబారి జనం ఆ బట్టను ఇంజిరి అంటారు. పుట్టినప్పటి నుంచి చావు దాకా వాళ్ళ వేడుకలన్నిటిలో దానికి చోటుంది. అంతటితో ఆగకుండా నేసిన గళ్ళలోంచి కొన్ని పోగులను జాగ్రత్తగా కోసి లాగేసి కొత్త డిజైన్ పుట్టించే కళ ఒకటి పెంచుకున్నారు. పేరు పెలెటే బిటే. మన తీరంలో పోగు పోగూ పేర్చి నేసినదాన్ని అక్కడ పోగు పోగూ తీసి అందం చేశారు. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ పేరుతో వెళ్ళిన సరుకులో చీరాల మగ్గాల మీద నేసింది కూడా ఉంది. పేరులో మద్రాసు, చెయ్యి మాత్రం తెలుగుది.

1950ల చివర అదే మద్రాస్ చెక్స్ అమెరికాకు చొక్కాలుగా వెళ్ళింది. ఉతికితే రంగు కారింది, ఒక గడి రంగు పక్క గడిలోకి దిగింది. కొన్నవాళ్ళు గొడవ పెట్టుకోవాల్సింది. కానీ వ్యాపారులు తెలివిగా, రంగు కారడమే దీని ప్రత్యేకత, కారకపోతే అసలైనది కాదని ప్రచారం చేశారు, కాలేజీ కుర్రాళ్ళు ఎగబడి కొన్నారు. మన ఇంట్లో ఎర్ర తువ్వాలు రంగు తెల్ల పంచెకు అంటితే ఆ రోజు జరిగే రాద్ధాంతం తెలిసినవాళ్ళకు ఇది మింగుడుపడదు.

మర్యాద ఎక్కడి నుంచి వచ్చింది

గింగమ్ కూడా మొదటి నుంచీ పెద్దింటి బట్టేం కాదు. యూరప్‌లో, అమెరికాలో అది వంటింటి ఏప్రన్ల బట్ట, పొలం పనులు చేసుకునేవాళ్ళ పిల్లల గౌన్ల బట్ట. చవక, మురికి త్వరగా కనపడదు, ఎన్ని ఉతుకులైనా ఓర్చుకుంటుంది. ఫ్రాన్స్‌లో దాన్ని విషీ అంటారు. 1959లో నటి బ్రిజిట్ బార్డో గులాబీ గళ్ళ విషీ గౌనులో పెళ్ళి చేసుకుంది, డిజైన్ చేసింది జాక్ ఎస్తెరెల్. పట్టూ లేసూ ఉండాల్సిన చోట వంటింటి గళ్ళు కనిపించేసరికి ఫ్రాన్స్ అంతా ఆ బట్ట కోసం షాపుల మీద పడింది. అప్పటి నుంచి ప్రతి వసంతానికీ గింగమ్ తిరిగి వస్తూనే ఉంది, ప్రతిసారీ కొత్తదన్నట్టు.

లుంగీకి అలాంటి పెళ్ళి జరగలేదు. చేనేతకు ప్రత్యేకించిన వస్త్రాలపై 1985లో వచ్చిన చట్టం కింద ప్రకటించిన జాబితాలో లుంగీ పేరు కూడా ఉంది, గుడియాత్తం లాంటి ఊళ్ళు దాని మీదే బతికాయి, అయినా బజారులో అది పడక బట్ట, పని బట్ట అన్న ముద్ర పోలేదు. దీనికి కారణం గళ్ళు కాదు, ఆ గళ్ళను ఎవరి ఒంటి మీద చూశామన్నది. హార్బర్‌లో మూటలు మోసేవాళ్ళ మీద, ఆటో స్టాండులో, టీ బంకు దగ్గర చూసిన బట్టను మధ్యతరగతి ఆఫీసుకు కట్టుకెళ్ళదు. అదే గడి ఇంగ్లిష్ పేరుతో, ఓడెక్కి తిరిగొస్తే మూడింతలు పెట్టి కొంటుంది. ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు, కాస్త నవ్వుకోవాల్సింది మాత్రం ఉంది.

చెన్నైలో గింగమ్‌కు ఇంకో అడ్డంకి ఉంది, అది స్కూలు. ఈ ఊళ్ళో చాలా స్కూళ్ళ యూనిఫాంలు చిన్న గళ్ళవే. పన్నెండేళ్ళు అదే గడి వేసుకున్న అమ్మాయికి పాతికేళ్ళ వయసులో నీలం గళ్ళ టాప్ చూపిస్తే మొదట నోట్లోంచి వచ్చే మాట, "యూనిఫాంలా ఉంది." అమ్మలు అయితే ఇంకో అడుగు ముందుకేసి, "బ్యాడ్జి ఒక్కటే తక్కువ" అంటారు. దీన్ని దాటడానికి దారి గడి సైజులోనే ఉంది. అంగుళంలో ఎనిమిదో వంతు ఉన్న చిన్న గడి, నేవీ బ్లూ లేదా మెరూన్, పైన కాలర్: ఈ మూడూ కలిస్తే అసెంబ్లీ బెల్లు వినిపిస్తుంది. గడి అర అంగుళం దాటినా, రంగు ఆవపసుపో చిలకపచ్చో అయినా, మెడ కోత మారినా ఆ గుర్తు చెదిరిపోతుంది. సాదా మంగళగిరి చీర మీదికి పెద్ద గళ్ళ గింగమ్ జాకెట్ చాలా బావుంటుంది, చీరకు జరీ అంచు సన్నంగా ఉంటే. గళ్ళ చీర మీద గళ్ళ జాకెట్ మాత్రం సాహసమే.

కుట్టించుకునేవాళ్ళకు ఒక మాట. సాదా బట్ట రెండు మీటర్లు సరిపోయే చోట గింగమ్‌కు సరిపోదు. రెండు ముందు భాగాలు బొత్తాల దగ్గర కలిసినప్పుడు గడి సగంలో తెగకూడదు, జేబు కింద గడీ జేబు మీద గడీ ఒకటై జేబు మాయమైపోవాలి, పక్క కుట్టులో గీతలు అడ్డంగా కొనసాగాలి. దీన్ని గళ్ళు కలపడం అంటారు. ప్రతి ముక్కనూ గడి చూసి జరుపుకుంటూ కత్తిరించాలి కాబట్టి పీలికలు ఎక్కువ పోతాయి. గడి పెద్దదైతే పావు మీటరు అదనంగా తీసుకెళ్ళడం మంచిది. రెడీమేడ్ చొక్కా నాణ్యత చూడటానికి కూడా ఇదే దారి, ముందు జేబు చూడండి, తర్వాత ధర చీటీ చూడండి. గళ్ళు కలవడం కుదరదనుకున్న తెలివైన టైలర్లు జేబునో భుజం పట్టీనో క్రాస్ తిప్పి కత్తిరిస్తారు. గడి వజ్రంలా నిలబడుతుంది, కలవలేదన్న మాట ఎవరూ అనరు.

గోడలు, కిటికీలు, ఉప్పు నీళ్ళు

ఇంట్లో గింగమ్ వాడకం గురించి చెప్పేవాళ్ళు ఎక్కువగా ఇంగ్లండ్ పల్లె ఇళ్ళ ఫొటోలు చూపిస్తారు. తెల్ల చెక్క గోడలు, లేత ఎండ, కిటికీ మీద చిన్న పూల కుండీలు. వెలచ్చేరిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో వెలుతురు అలా ఉండదు. పడమటి కిటికీలోంచి మధ్యాహ్నం మూడింటికి వచ్చే ఎండ బట్టను రెండేళ్ళలో తినేస్తుంది. అక్కడ కర్టెన్ వేయాలంటే రంగు ఎండకు నిలిచేదా అని అడిగి కొనాలి, లేదా వెనక లైనింగ్ వేయించాలి. లైనింగ్ వేస్తే ఒకటి పోతుంది: నేసిన గింగమ్‌లోంచి వెలుతురు వచ్చినప్పుడు తెల్ల గళ్ళు వెలిగి, ముదురు గళ్ళు నిలబడి, నేల మీద మసక నీడగా పడే ఆ దృశ్యం. అందుకని ఉత్తరం, తూర్పు కిటికీలకు లైనింగ్ లేకుండా వదిలేస్తేనే బావుంటుంది.

రెండో సంగతి నీళ్ళు. బోరు నీళ్ళు కఠినంగా ఉన్న పేటల్లో తెల్ల బట్ట కొన్ని నెలల్లోనే గోధుమరంగు వైపు తిరుగుతుంది, సబ్బు పూర్తిగా వదలదు. గింగమ్ అందమంతా తెలుపుకూ రంగుకూ మధ్య ఉన్న తేడాలోనే ఉంది కదా. తెలుపు మాసితే గళ్ళు కూడా నీరసపడతాయి. పసుపు, పీచ్ లాంటి లేత రంగు గింగమ్ ఈ దెబ్బకు మొదట పోతుంది. నీలం ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది, మాసిన తెలుపు కూడా నీలం పక్కన తెల్లగానే కనిపిస్తుంది. బట్టలు ఆరేసేముందు నీలిమందు ఎందుకు వేస్తారో తెలిసిన ఇళ్ళకు ఇది కొత్త విషయం కాదు.

నేల కూడా చూసుకోవాలి. రంగురంగుల డిజైన్లుండే ఆత్తంగుడి టైల్స్ వేసిన పాత ఇంట్లో గింగమ్ పరిస్తే రెండు డిజైన్లూ ఒకదాని మీద ఒకటి అరుచుకుంటాయి, అలాంటి గదికి సాదా బట్టే మేలు. ఫ్లాట్లలో ఉండే తెల్ల విట్రిఫైడ్ టైల్స్ మీద గింగమ్ నిలబడుతుంది. ఒకే రంగులో రెండు సైజుల గళ్ళు, సోఫా దిండుకు అంగుళం గడి, టేబుల్ మీద పావు అంగుళం గడి పెడితే చాలు. కర్టెన్లు, దిండ్లు, దుప్పటి, టేబుల్ క్లాత్ అన్నీ ఒకే గడిలో తెచ్చేస్తే గది నోటుపుస్తకంలా తయారవుతుంది.

దిండ్లకు ఖరీదైన బట్టే కావాలని కూడా లేదు. కరూర్ నుంచి ప్రపంచమంతా వెళ్ళే కిచెన్ టవళ్ళ, టేబుల్ బట్టల తరహావి ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ షాపుల్లో దొరుకుతుంటాయి. 1935 నుంచి ఉన్న కో-ఆప్టెక్స్‌లో నేత దుప్పట్లు, లుంగీలు ఉంటాయి. మంచి చేనేత లుంగీ ఒకటి రెండు మీటర్ల బట్ట, కుట్టు విప్పి కత్తిరిస్తే నాలుగు దిండు గలీబులు వస్తాయి. సోఫా మీద వేశాక వచ్చిన చుట్టాలు ఏ షాపులో కొన్నారని అడుగుతారు. లుంగీ అని చెప్పాలా వద్దా అన్నది ఇంటివాళ్ళ ఇష్టం.

మిగిలిన పీలికలు, టైలర్ దగ్గర గళ్ళు కలపగా మిగిలినవి, దిండ్ల నుంచి మిగిలినవి, చివరికి పొయ్యి పక్కన మేకుకు మసిగుడ్డలుగా వేలాడతాయి. నాలుగు మడతలు వేసి కుక్కర్ దించడానికి గింగమ్ అంత బాగా పనికొచ్చే బట్ట ఇంకోటి లేదు, మరక పడ్డా కనపడదు.